సినిమా వారపత్రికల ముఖచిత్రాలకు మీడియా సిద్ధాంతాలను అన్వయించడం ఎలా?

ముఖపత్రం (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను జర్నలిజంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. 1980ల నాటి తెలుగు సినిమా పత్రికల ముఖచిత్రాలు పాఠకులను ఏ విధంగా ఆకట్టుకున్నాయో మీడియా సిద్ధాంతాల సాయంతో పరిశీలించి ఒక చిన్న పరిశోధన పత్రం సమర్పించవలసి ఉంది. మా మేనత్తగారి ఇంట్లో అటక మీది రేకుపెట్టెలో ఆ కాలపు సంచికలు 37 దొరికాయి. వాటిలో 9 సంచికలకు ముఖచిత్రం లేదు కాబట్టి వాటిని పక్కన పెట్టి, మిగిలిన 28 సంచికలనే నమూనాగా తీసుకున్నాను.

సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో ప్రతిపాదించిన ‘పురుష దృష్టి’ భావనతో పని మొదలుపెట్టాను. నా దగ్గరున్న ముఖచిత్రాలలో ఎక్కువ భాగం కథానాయికల ఒంటరి చిత్రాలే. గడ్డం కింద చేయి, పక్కకు వాలిన తల, భుజం మీదుగా వెనక్కి చూసే చూపు పదే పదే కనిపిస్తాయి. చూసేవాడు పురుషుడు, చూడబడేది స్త్రీ అని రాస్తే సరిపోతుందనుకున్నాను. రెండు పేజీలు రాసేసరికి కలం ఆగిపోయింది. ఈ పత్రికలను కొన్నది మా మేనత్త. చదివినవారు ఆవిడ, మా నాయనమ్మ, పక్కింటి అక్కాచెల్లెళ్లు ఇద్దరు. మగవాడి చూపు కోసం తయారైన బొమ్మను ఆడవాళ్లు తమ డబ్బు పెట్టి వారం వారం ఎందుకు కొన్నట్టు?

రెండో చిక్కు సంస్కృతి అధ్యయనాల పండితుడు స్టువర్ట్ హాల్ దగ్గర వచ్చింది. పంపేవారు ఒక అర్థాన్ని సంకేతాలలో పొదుగుతారనీ, అందుకునేవారు దానిని ఉన్నదున్నట్టు ఒప్పుకొని గానీ, కొంత ఒప్పుకొని కొంత బేరమాడి గానీ, పూర్తిగా ఎదిరించి గానీ విప్పుకుంటారనీ ఆయన 1973లో చెప్పారు. ముఖచిత్రం విషయంలో ఆ పంపేవారు ఎవరు? సంపాదకుడా, ఫొటోగ్రాఫరా, నిర్మాతా, నటీమణా? ఈ రెండు ప్రశ్నలు తేలకుండా ముందుకు సాగలేకపోతున్నాను. పెద్దలు దారి చూపగలరు.

అక్షరకూలీ:

నేను విజయవాడలో ఒక సినిమా వారపత్రికలో కొన్నేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసినవాడిని. సిద్ధాంతాలు నాకు ఉద్యోగం మానేశాక తెలిశాయి కాబట్టి, వాటి విషయంలో నా మాటను కొంచెం తగ్గించి తీసుకోండి. పని విషయంలో మాత్రం తగ్గించనక్కరలేదు.

అన్నిటికంటే ముందు, ఆ ముఖచిత్రాలను బల్ల మీద పరచుకుని చూడడం మానండి. బస్టాండులోనో రైల్వే ప్లాట్‌ఫారం మీదనో పుస్తకాల కొట్టువాడు తాడు కట్టి, క్లిప్పులు పెట్టి, పత్రికలను ఒకదాని మీద ఒకటి సగం కప్పుకునేలా వేలాడదీసేవాడు. చాలా పత్రికలకు పై మూడో వంతు మాత్రమే బయటికి కనిపించేది. పత్రిక పేరు పైన పెద్ద అక్షరాలలో ఎందుకుంటుందో, బొమ్మలోని కళ్లు ఆ పేరుకు కాస్త కిందనే ఎందుకు పడతాయో, చేతులూ చీర కుచ్చిళ్లూ కింద ఎందుకు వృథా అయినట్టు ఉంటాయో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. ఇంజను ఆడుతున్న బస్సులోంచి దిగి, చిల్లర ఇచ్చి, పత్రిక లాక్కుని మళ్లీ ఎక్కేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని మేము ముఖచిత్రాన్ని ఎంచేవాళ్లం. ఆ మనిషికి ఉన్నది రెండు మూడు క్షణాలు. మీ నమూనాలోని ప్రతి ముఖచిత్రాన్నీ పైభాగం తప్ప మిగతాది కాగితంతో కప్పి ఒకసారి చూడండి, మీ విశ్లేషణ సగం మారిపోతుంది.

ఇక పంపేవారు ఎవరన్న ప్రశ్న. మా పత్రికకు సొంత స్టూడియో లేదు. పరిశ్రమ అప్పటికి చాలావరకు మద్రాసులోనే ఉండేది; అక్కడి నుంచి స్టిల్స్ కవర్లలో వచ్చేవి. కొన్నిటిని మా మద్రాసు ప్రతినిధి సంపాదించేవాడు, కొన్నిటిని నిర్మాణ సంస్థల ప్రచార బాధ్యతలు చూసేవారే పంపేవారు. విడుదలకు దగ్గర పడిన సినిమా స్టిల్‌కు ముఖచిత్రంగా అవకాశం ఎక్కువ. అంటే మీరు పత్రిక రూపొందించిందని అనుకుంటున్న బొమ్మలో వెలుగు, దుస్తులు, చూపు అన్నీ సినిమావాళ్లు ముందే నిర్ణయించినవి. మేము చేసినది ఎంచడం, కత్తిరించడం, పక్కన నాలుగు మాటలు పెట్టడం.

రిచర్డ్ డయ్యర్ 1979లో సినిమా తారల మీద రాసినప్పుడు చేసిన ఒక విభజన ఇక్కడ చక్కగా పనికొస్తుంది. తార అనే రూపం ప్రచారం, వార్తాపరమైన ప్రసిద్ధి, సినిమాలు, విమర్శ అనే నాలుగింటి కలయికతో తయారవుతుందని ఆయన అంటారు. నిర్మాతలు బుద్ధిపూర్వకంగా చేసేది ప్రచారం. పత్రికలవాళ్లు తామే కనిపెట్టి బయటపెట్టినట్టు కనిపించేది ప్రసిద్ధి. ముఖచిత్రం మొదటి కోవకు చెందుతూ రెండో కోవ వేషం వేసుకుంటుంది. మన దగ్గర ఆ గీత మరీ పలచన. 1966లో మొదలైన విజయచిత్ర నాగిరెడ్డి, చక్రపాణి గార్ల సంస్థ నుంచి వచ్చింది. సినిమాలు తీసే ఇంట్లోనే సినిమా పత్రిక కూడా పుట్టిందన్నమాట. సితార పత్రికను నడిపిన రామోజీరావు గారు 1980లలో ఉషాకిరణ్ మూవీస్ పేరుతో నిర్మాణంలోకి కూడా వచ్చారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే పంపేవారు ఎవరని అడిగినప్పుడు యాజమాన్యం సంగతి తప్పకుండా రావాలి.

పక్కన పెట్టే నాలుగు మాటల గురించి కూడా చెప్పాలి. బొమ్మకు పలు అర్థాలు ఉంటాయనీ, పక్కన ఉండే అక్షరం లంగరులా పనిచేసి వాటిలో ఒక దానికి బొమ్మను కట్టేస్తుందనీ ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ అన్నారు. 1971 అక్టోబరులో బొంబాయిలో స్టార్‌డస్ట్ తొలి సంచిక రాజేశ్ ఖన్నా ముఖంతో, ఆయన రహస్యంగా పెళ్లి చేసుకున్నారా అన్న ప్రశ్నతో వచ్చింది. ఆ ముఖాన్ని జనం అప్పటికే వందసార్లు చూసి ఉంటారు, కాబట్టి ఆ సంచికను అమ్మినది ప్రశ్నే అని నా అభిప్రాయం. 1952లో ఫిల్మ్‌ఫేర్ తొలి సంచిక మీద కామినీ కౌశల్ ఉన్నారు. ఆ పత్రిక స్వభావం అంత గుట్టు విప్పేది కాదు. మా వారపత్రిక ఈ రెండింటికీ మధ్య ఊగుతుండేది. ముఖచిత్రం మీద గుసగుసలాంటి మాట పెట్టి, లోపల మాత్రం షూటింగు విశేషాలు రాసేవాళ్లం. పాఠకులకు ఆ సంగతి తెలుసు, తెలిసే కొనేవారు. మీ 28 సంచికలలో బయటి మాటకూ లోపలి వ్యాసానికీ ఎంత దూరం ఉందో చూసి రాయండి. మల్వీ కంటే ఆసక్తికరమైన విషయం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

తెరవెనుక:

హైదరాబాదులో మీడియా అధ్యయనాలు బోధిస్తాను. అక్షరకూలీ గారు చెప్పిన తాడు, క్లిప్పుల సంగతిని రేపటి తరగతిలో వాడుకుంటాను, ఆయన అనుమతిస్తారని ఆశిస్తున్నాను.

మల్వీ దగ్గర మీ కలం ఆగిపోవడం మంచిదే. ఆవిడ ఆ వ్యాసం రాసినది చీకటి హాలులో కూర్చుని, కెమెరా ఎటు తిరిగితే అటు చూడక తప్పని ప్రేక్షకుడిని గురించి, అదీ హాలీవుడ్ కథాచిత్రాల గురించి. ముఖచిత్రంలో కథ లేదు, కెమెరా కదలిక లేదు, చీకటి లేదు. బొమ్మ చేతిలో ఉంటుంది. తిప్పవచ్చు, మూయవచ్చు, దాని మీద పాలగిన్నె పెట్టవచ్చు. స్త్రీ ప్రేక్షకురాలి మాటేమిటన్న ప్రశ్న ఆవిడకు కూడా ఎదురైంది. 1981లో ఆ విషయం మీద మరో వ్యాసం రాశారు. కనుక ఆ భావనను పారేయకండి, అది ఎక్కడ పుట్టిందో చెప్పి, ఎంతవరకు సాగుతుందో కొలవండి.

మీరు వర్ణించిన భంగిమలకు సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ ఎక్కువ ఉపయోగపడతారు. వాణిజ్య ప్రకటనలలో స్త్రీలు వస్తువులను పట్టుకోకుండా కేవలం స్పృశించడం, తల వాల్చడం, మనసు మరెక్కడో ఉన్నట్టు చూడడం వంటివాటిని ఆయన 1970లలోనే ఓపికగా వర్గీకరించారు. గడ్డం కింద చేయి పెట్టిన కథానాయికను ఆ వరుసలో ఉంచి చూడవచ్చు. ఇది లెక్కపెట్టగలిగే పని కూడా కావడం విద్యార్థులకు మేలు.

చూపు విషయంలో కాస్త ఆగాలి. గుంథర్ క్రెస్, థియో వాన్ లూవెన్‌ల దృశ్య వ్యాకరణం ప్రకారం, బొమ్మలోని మనిషి మన కళ్లలోకి సూటిగా చూస్తే అది మననుంచి ఏదో కోరే బొమ్మ. పక్కకు చూస్తే మనం పరిశీలించడానికి తనను తాను ఇచ్చుకునే బొమ్మ. పాశ్చాత్య పత్రికలకు ఇది బాగా కుదురుతుంది. మన గోడల మీద మాత్రం సూటిగా చూసే ముఖాలకు వేరే చరిత్ర ఉంది. రవివర్మ ముద్రణాలయం నుంచి వచ్చిన దేవతల పటాలు, ఆ తరువాత కేలండర్లు, కృష్ణుడి వేషంలో ఉన్న రామారావు గారి పటాలు అన్నీ చూసేవారికి అభిముఖంగానే ఉంటాయి. అక్కడ జరిగేది దర్శనం: మనం చూడడం, ఎదుటివారి చూపు మన మీద పడడం, రెండూ ఒకేసారి. భారతీయ సినిమా దృశ్యాన్ని వివరించడానికి ఈ భావనను పండితులు పలువురు వాడారు. హిందీ సినిమా గురించి ఎం. మాధవప్రసాద్ గారు చేసిన చర్చ వాటిలో ముఖ్యమైనది. సినిమా పత్రిక ముఖచిత్రం వాణిజ్య ప్రకటనకూ దేవుడి పటానికీ మధ్యన ఎక్కడో నిలబడి ఉంటుందని నేను అనుకుంటాను. అలాగని ప్రతిదానికీ దర్శనం అనే తాళంచెవి వాడకండి. ఈత కొలను పక్కన కూర్చున్న కథానాయికను చూసి ఎవరూ చేతులు జోడించలేదు.

హాల్ విషయంలో అక్షరకూలీ గారి మాటకు ఒక ఉదాహరణ మాత్రం జోడిస్తాను. 2003లో బ్రిటన్‌లో ఒక పురుషుల పత్రిక ముఖచిత్రం మీద నటి కేట్ విన్‌స్లెట్ శరీరాన్ని సన్నగా కనిపించేలా మార్చి వేశారు. తాను అలా ఉండననీ, అలా ఉండాలని కోరుకోవడం కూడా లేదనీ ఆవిడ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. బొమ్మలో ఉన్న మనిషే ఆ బొమ్మను ఎదిరించి చదివిన సందర్భమిది. అంతకు ముందు 1989లో అమెరికాలో టీవీ గైడ్ పత్రిక టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే తలను ఆన్ మార్గరెట్ అనే నటి శరీరానికి అతికిన చిత్రాన్ని ముఖచిత్రంగా వేసింది. ఈ రెండు ఉదంతాలలో పంపేవారు ఎవరని అడిగితే ఒక్క పేరుతో జవాబు రాదు. మీ పత్రంలో కూడా ఒక్క పేరు వెతకకండి. ఎవరి చేతిలో ఏ నిర్ణయం ఉందో వరుసగా చెప్పండి.

వంటింటి పాఠకురాలు:

నేను పండితురాలిని కాను. తెనాలిలో ఉంటాను, ఆ రోజులలో ఆ పత్రికలు చదివిన ఆడపిల్లలలో నేనూ ఒకదాన్ని. మీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర నాకు నవ్వొచ్చింది, ఆ తరువాత ఆలోచన కూడా వచ్చింది. ముఖచిత్రం లేని 9 సంచికలను పక్కన పెట్టానన్నారు. అమ్మాయీ, పాఠకులను ఆకట్టుకున్న ముఖచిత్రాలు ఏవో తెలుసుకోవాలని కదా మీ పని? బాగా ఆకట్టుకున్నవాటిని మేము ఎప్పుడో కత్తిరించి తీసేసుకున్నాం. పెట్టెలో మీకు దొరికిన 28 ముఖచిత్రాలూ ఎవరూ కత్తెర పెట్టాలనుకోనివి.

ఏమి చేసేవాళ్లమో చెబుతాను. బడి తెరిచే రోజులలో పాఠ్యపుస్తకాలకు అట్టలు వేయాలి. సినిమా పత్రిక ముఖచిత్రం మంచి కాగితం, చిరగదు. బొమ్మ బయటికి ఉంటే మాస్టారు ఊరుకోరు కాబట్టి లోపలివైపుకు తిప్పి వేసేవాళ్లం. లెక్కల పుస్తకం తెరిచి, అట్ట మడత కొంచెం ఎత్తితే హీరో కనిపించేవాడు. బుట్టచేతుల జాకెట్టు వేసుకున్న హీరోయిన్ ఉంటే ఆ ముఖచిత్రం నేరుగా టైలరు దగ్గరకు వెళ్లేది, అక్కడి నుంచి తిరిగి రావడం చాలా అరుదు. జడ, బొట్టు, చెవి లోలాకులు కూడా అలాగే చూసి నేర్చుకున్నవే. మీరు మగవాడి చూపు అంటున్న ఆ బొమ్మను మేము కొలతలు తీసుకునే చూపుతో చూశాం. ఆ అమ్మాయి ఎవరి కోసం అలా నిలబడిందో మాకు అనవసరం. చేతుల దగ్గర కుచ్చు ఎలా పెట్టారో అవసరం.

ఇంకొక సంగతి. అందరూ కొనేవారు కాదు. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. పత్రికను రోజుకు ఇంత అని అద్దెకు ఇచ్చేవాడు. ఒక్క సంచిక ఎన్ని ఇళ్లు తిరిగేదో చెప్పలేను. ముఖచిత్రం ఎవరూ చింపకుండా దాని మీద గట్టిగా రబ్బరు ముద్ర కొట్టేవాడు, సరిగ్గా ముఖం మీద. ఆ ముద్రను తిట్టని ఆడపిల్ల మా వీధిలో లేదు.

తెరవెనుక:

వంటింటి పాఠకురాలు గారూ, పండితురాలిని కానని మీరు అనడం వినయమే. మేము ముగ్గురం గమనించకుండా దాటిపోయిన తప్పును మీరు పట్టుకున్నారు. మిగిలినవాటినే నమూనాగా తీసుకుంటే, ఎవరికీ అంతగా నచ్చనివాటి లక్షణాలను ఆకర్షణ లక్షణాలుగా రాసే ప్రమాదం ఉంది.

నెదర్లాండ్స్‌కు చెందిన యోకె హెర్మెస్ మహిళా పత్రికల పాఠకులతో మాట్లాడి 1995లో వెలువరించిన పరిశోధనలో ఇటువంటిదే తేలింది. పత్రిక చదవడం ఇంటి పనుల మధ్య సులువుగా ఎత్తుకుని సులువుగా కింద పెట్టేయగల పని కాబట్టి, ప్రతి పేజీకీ లోతైన అర్థం ఉంటుందని పరిశోధకులు ముందే అనుకోవడం పొరపాటని ఆవిడ వాదన. అలాగే పాఠకులకు పత్రిక ఏమి చేస్తుందని అడగడానికి బదులు పాఠకులు పత్రికతో ఏమి చేస్తారని అడగాలన్నది ఉపయోగ-తృప్తి సిద్ధాంతం. కాలక్షేపం, సాంగత్యం, తనను తాను పోల్చుకోవడం, లోకం తీరు తెలుసుకోవడం అని బ్లమ్లర్, మెక్వేల్ తదితరులు 1972లో నాలుగు అవసరాలు చెప్పారు. లెక్కల పుస్తకానికి అట్ట వేయడం ఈ నాలుగింటిలో దేనిలోకి వస్తుందో నాకు వెంటనే తోచలేదు.

ముఖపత్రం:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న మేనత్తగారిని అడిగాను. మొదట నాకేం గుర్తులేదన్నారు. పెట్టె ముందు పెట్టి, ముఖచిత్రం లేని సంచికలను వరుసగా పేరిస్తే ఒక్కొక్కటిగా మాటలు వచ్చాయి. రెండు టైలరు దగ్గరకు వెళ్లాయట. వాటిలో ఒకటి తన పెళ్లికి ముందు కుట్టించుకున్న జాకెట్టు కోసం. ఒకదానిని హాస్టలుకు వెళ్లేటప్పుడు ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నారు. ఒకదానిని మా నాన్నగారు దొంగతనంగా కోసేశారని ఇప్పటికీ కోపంగానే చెప్పారు. ట్రంకు పెట్టె మూతకు అంటించుకున్న ఆ హీరో పేరు మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు, నవ్వి ఊరుకున్నారు. మిగిలిన ఐదింటి సంగతి నిజంగానే గుర్తులేదు.

ఒక్క మనిషి జ్ఞాపకాన్ని పరిశోధన పత్రంలో ఆధారంగా వాడవచ్చా? కనిపించని ముఖచిత్రాలను విశ్లేషించడం ఎలా?

తెరవెనుక:

వాడవచ్చు. అది ఒక పాఠకురాలి అనుభవమని స్పష్టంగా రాసి, తెలుగు స్త్రీలందరూ ఇలాగే చేశారని తేల్చకుండా ఉంటే చాలు. వీలైతే పక్కింటి అక్కాచెల్లెళ్లతో కూడా విడివిడిగా మాట్లాడండి. ఒకరి ముందు మరొకరిని అడిగితే జ్ఞాపకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ గారి పరిశోధనను కూడా చూడండి. అభిమాని మౌనంగా ఆరాధించేవాడు మాత్రమే కాదనీ, తారనుంచి కొన్నిటిని హక్కుగా ఆశిస్తాడనీ ఆయన చూపించారు. ఆ చర్చ ఎక్కువగా వీధిలోని మగ అభిమానుల గురించి. మీకు దొరికినది ట్రంకు పెట్టె మూత లోపలి అభిమానం. రెండింటినీ పక్కపక్కన పెడితే మీ పత్రానికి ఒక సొంత మాట ఏర్పడుతుంది.

కనిపించని ముఖచిత్రాల కోసం పాత పత్రికలను భద్రపరిచే గ్రంథాలయాలలో వెతకండి. 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. వెళ్లే ముందు కనుక్కోండి. బైండు చేయించేటప్పుడు ముఖచిత్రాన్ని తీసేసే అలవాటు చాలా గ్రంథాలయాలలో ఉంది.

అక్షరకూలీ:

అంత దూరం వెళ్లే ముందు ఒక పని చేయండి. విషయసూచిక ఉన్న పేజీలో, సంపాదకుడి పేరు దగ్గరలో, ముఖచిత్రం ఎవరిదో, ఫొటో ఎవరు తీశారో చిన్న అక్షరాలలో ఒక వరుస వేసేవాళ్లం. ఆ వరుసను మేనత్తగారు కత్తిరించి ఉండరు. ఆ 9 సంచికలలోనూ ఆ పేజీ తిరగేసి చూడండి. హీరో పేరు ఆవిడ చెప్పకపోయినా తెలుస్తుంది.